శ్యామల మంటలో నాలుగు రాళ్ళు

మా గల్లీలో శ్యామల ఇంటికీ మా ఇంటికీ నడుమ ఒక ఖాళీ జాగా ఉంది. మాఘమాసం వచ్చిందంటే అందులో ఉడికిన పసుపు ఆరబోస్తారు, అడుగు పెట్టే సందు ఉండదు. మిగతా రోజుల్లో అది కుక్కలది, పిల్లలది. పోయిన అక్టోబరు ఆఖరి రోజున, పొద్దుగూకే వేళకు, ఆ జాగాలో మంట లేచింది.

దీపావళి అప్పటికే వెళ్ళిపోయింది. కాముని పున్నమికి ఇంకా చాలా రోజులుంది. చలి కూడా ముదరలేదు. చెత్త కాల్చే మంటయితే పొగ ఎక్కువ, వెలుగు తక్కువ. ఇది అట్లా లేదు. మక్క బెండ్లూ పిడకలూ పొందికగా పేర్చి ముట్టించినట్టు నిటారుగా లేస్తోంది. పొయ్యి మీది పప్పును దాని ఖర్మానికి వదిలేసి, చెప్పులు కూడా తొడుక్కోకుండా బయటికి వచ్చాను.

మంట పక్కన శ్యామల ఒక్కతే గొంతుక్కూర్చుని ఉంది.

"ఏందే శ్యామలా, ఈ మంటేంది? దోమలకా?"

"దోమలకు గాదు పెద్దమ్మా."

"మరి దిష్టికా?"

"దిష్టికి గూడ గాదు."

"గల్లీల సూసెటోళ్ళు ఏమనుకుంటరు పిల్లా? అగో, ఎదురింటి మంగ అప్పుడే కిటికీ మూసుకున్నది."

"మూసుకోనీ. మనింట్ల ఏమన్న అయితే తప్ప ఎన్నడు తెరిచింది గనుక?"

నవ్వొచ్చింది. కానీ ఆమె నవ్వలేదు. ఆమె వెనక వాళ్ళింటి తలుపు బార్లా తెరిచి ఉంది. గడప లోపల పీట వేసి, పీట ముందు విస్తరి పెట్టి, అన్నం, చింతకాయ తొక్కు, కోడిగుడ్డు కూర వడ్డించి ఉంది. తినే మనిషి లేడు. కోడిగుడ్డు కూరంటే ప్రాణమిచ్చే మనిషి ఎవరో గల్లీలో అందరికీ తెలుసు.

స్వామి. ఆమె పెనిమిటి. కనపడకుండా పోయి మూడేళ్ళు.

శ్యామల పుట్టిల్లు మాక్లూర్. తండ్రి కూలి పని చేసుకుంటూనే బిడ్డను నిజామాబాద్‌లో నర్సు చదువు చదివించాడు. పెళ్ళయి ఆర్మూర్ వచ్చేనాటికే ఆమె దవాఖానలో డ్యూటీ చేస్తోంది. స్వామి లారీ డ్రైవరు. మన దగ్గరి పసుపును సాంగ్లి మార్కెట్‌కు తోలుకుపోయేవాడు. వాళ్ళింట్లోకి పోతే మనిషి కనపడక ముందే పసుపు వాసన తగిలేది. అతని అంగీలు ఎన్ని ఉతికినా మెడ దగ్గర ఆ పచ్చదనం పోయేది కాదు. "మా ఇంట్ల నాకంటె మా ఆయనకే పసుపెక్కువ" అని శ్యామల అప్పట్లో నవ్వేది.

కూతురు వర్షిత కాస్త పెద్దదయ్యాక శ్యామలకు ఐర్లాండ్‌లో కొలువు దొరికింది. ముసలివాళ్ళను చూసుకునే ఆశ్రమంలో పని. ఇంటి మీద ఇంకో అంతస్తు లేపుకుందామని పోయింది. పిల్లను అత్త ముత్తవ్వ సాకింది. ముత్తవ్వకు ఇద్దరు కొడుకులు. పెద్దవాడు ఎంకటి సిరికొండలో వ్యవసాయం చేస్తాడు. చిన్నవాడు స్వామి. భూమి పెద్దోనికి, నేను చిన్నోనికి అని ఆమె ముందే పంచిపెట్టేసింది.

ఆ ఆశ్రమంలో శ్యామల చూసుకున్న ముసలామె పేరు బ్రిడీ. ఆమె చర్చికి పోయే మనిషే. అయినా వాళ్ళమ్మ నాటి పాత పండుగొకటి వదల్లేదు. మన దగ్గర చర్చికి పోయేవాళ్ళలో కొందరు పోచమ్మ గుడి ముందర నడిచేటప్పుడు చెప్పులు చేతిలో పట్టుకోరూ, అట్లా. ఆ పండుగ పేరు సౌవిన్ అట. కోతలు అయిపోయి, గుట్టల మీది పశువులు ఇళ్ళకు దిగివచ్చి, చీకటి నెలలు మొదలయ్యే సాయంత్రం చేస్తారు. ఊరంతా పొయ్యిలు ఆర్పేసి, గుట్ట మీద ఒకటే పెద్ద మంట వేసి, తెల్లారి ఆ నిప్పుతోనే మళ్ళీ పొయ్యి వెలిగించేవారట వెనకటికి. ఇంటినుంచి పోయినవాళ్ళు ఆ సాయంత్రం తిరిగి ఇంటికొస్తారని వాళ్ళ నమ్మకం. అందుకే తలుపు తెరిచి పెట్టి, ఒక పళ్ళెం ఎక్కువ పెడతారు.

"మన పెత్రమాస లెక్కన్నమాట" అన్నాను నేను.

"గాదు పెద్దమ్మా" అని వెంటనే తల ఎత్తింది శ్యామల. "పెత్రమాసకు సచ్చిపోయినోళ్ళ పేర్లే జెప్పాలె. ఈ మంట గట్ల అడగది. దారి తప్పినోడు బతికున్నోడైన, సచ్చినోడైన, వెల్తురు సూసి వస్తడు. బ్రిడీ చెప్పింది."

ఆ మాటతో నాకు సంగతి మొత్తం అర్థమయింది. ఎందుకంటే నెల క్రితం పెత్రమాస నాడు వాళ్ళింట్లో జరిగిన గొడవకు తీర్పరిగా పోయింది నేనే.

ఆ రోజు ముత్తవ్వ అయ్యగారిని పిలిచి పెనిమిటి పేరిట బియ్యం, పప్పు, కూరగాయలు ఇచ్చింది. ఆ వెనకే ఇంకో చేట తెచ్చి పెట్టి, అయ్యగారు పేరు అడిగితే గొంతు తగ్గించి "స్వామి" అంది. నీళ్ళ చెంబు పట్టుకుని పక్కనే నిలబడ్డ శ్యామల ఆ చెంబు కింద పెట్టి, చేట గుంజుకుంది. బియ్యం సగం అరుగు మీద పడ్డాయి.

"నా మొగన్ని ఎవలు సంపుతున్నరు ఈడ?" అని అరిచింది. అయ్యగారు తువ్వాల సర్దుకుంటూ లేచిపోయాడు.

ముత్తవ్వ తక్కువ తిన్నదా? "నా కడుపుల పుట్టినోన్ని నేను సంపుకుంటనా? రోజు కలలకొచ్చి నీళ్ళడుగుతుండు. అవ్వా, దూపయితుందే అంటుండు. బతికున్నోడైతే ఫోన్ జేస్తడు. ఫోన్ జేస్తలేడంటె నీళ్ళు వొయ్యాల్నా వద్దా? నీ పసుపు కుంకుమ కోసం నా కొడుకును దూపకు సంపుతవా?"

నేను పోయి ఇద్దరి నడుమ నిలబడ్డాను. ఆ ఇద్దరి మాటలోనూ నాకు తప్పు దొరకలేదు. ఎంకటి అప్పటికే అయ్యగార్లను అడిగి పెట్టాడు. ఆచూకీ లేని మనిషికి మోదుగాకులతో, దర్భతో బొమ్మ కట్టి, ఆ బొమ్మను గోదావరి ఒడ్డున కాల్చి, కార్యం చేయవచ్చట. శ్యామల ఒప్పుకోవాలి, అంతే. ఆమె ఒప్పుకోదు. అరుగు మీద పడిన బియ్యాన్ని గింజ గింజా ఏరి, ఆ సాయంత్రం అవే వండింది. "ఇవి బతికున్నోని బియ్యం" అంటూ అందరికీ వడ్డించింది. ముత్తవ్వ తినలేదు.

ఇక మంట దగ్గరికి వస్తాను.

"సరే తియ్యి, ఆ పండుగ వాళ్ళది. నువ్వెందుకు పట్టుకున్నవ్?" అని అడిగాను. అడగకుండా నేను ఉండగలనా?

శ్యామల ఫోన్ తీసి ఒక వీడియో పెట్టింది. చీకట్లో పెద్ద మంట. చుట్టూ తెల్ల ముఖాల ముసలివాళ్ళు చక్రాల కుర్చీల్లో, ఒళ్ళో దుప్పట్లు కప్పుకుని. మూడేళ్ళ కిందటి ఆ సాయంత్రం ఆమె బ్రిడీని మంట దగ్గరికి తోసుకుపోతుంటే స్వామి ఫోన్ చేశాడట. చేతులు ఖాళీ లేక కట్ చేసి, తర్వాత ఈ వీడియో పంపింది. అతను చూశాడు. చూసి ఒక మాట రికార్డు చేసి పంపాడు. శ్యామల అది కూడా వినిపించింది. వెనకాల లారీల హారన్లు, స్వామి గొంతు.

"గదేందే, మన కాముని మంట లెక్కనే ఉన్నది! నేనొచ్చినంక మనింటి పక్క జాగల గూడ గిసుంటిదే వెడదాం తియ్యి. నువ్వొస్తవు గదా ఎండకాలం. సరే, పండుకుంట, జర నడుం నొస్తున్నది."

అదే ఆఖరు. సాంగ్లి దారిలో, ఒక నది వంతెనకు ఇవతల, దాబా పక్కన లారీ దొరికింది. పసుపు బస్తాలు కట్టినవి కట్టినట్టే ఉన్నాయి. ఫోను సీటు మీదే ఉంది. మనిషి లేడు. నదిలో వెతికారు, దవాఖానల్లో వెతికారు. శ్యామల కొలువు వదిలి వచ్చేసి, ఏడాది పాటు ఆ దారి పొడుగునా ఫోటో పట్టుకుని తిరిగింది. ఎవరో చూశామన్నారు, చూపించమంటే ఇంకెవరో అయ్యాడు. ఆ తర్వాతే మళ్ళీ ఇక్కడి దవాఖానలో డ్యూటీకి ఎక్కింది.

"ఆయన సూసిన ఆఖరి బొమ్మ ఈ మంట పెద్దమ్మా" అంది శ్యామల. "పెడదాం అన్నడు. నేను వెడుతున్న."

"పోయినేడు పెట్టలే?"

"పెట్టిన. పోయినేడు దీపావళి, ఇది ఒక్క దినమే వచ్చినయి. పటాకుల నడుమ మీకు కానరాలే."

నాకే కానరాలేదంటే చూడండి ఎంత గుట్టుగా పెట్టిందో.

అప్పుడు చూశాను, మంట అంచున నాలుగు రాళ్ళున్నాయి. సిద్ధులగుట్ట కింద దొరికే నల్ల రాళ్ళు, ఒక్కొక్కటి పిడికిలంత. ఒక్కోదాని మీద మేకుతో ఒక్కో గీత గీసి ఉంది. ఒకదాని మీద పువ్వు, ఒకదాని మీద చుక్క, ఒకదాని మీద కొడవలి, ఇంకోదాని మీద గుండ్రంగా లారీ చక్రం.

"ఇవేంది మళ్ళ?"

శ్యామల ఇంకో పిడక మంటలోకి తోసింది. నేను కదిలితే కదా. చివరికి గొంతు తగ్గించింది.

"ఇంట్ల ఎంతమంది ఉంటె అన్ని రాళ్ళు. తెల్లారి బూడిద తీసి సూడాలె. ఎవరి రాయి కానరాదో ఆ మనిషి లేనట్టు. ఈ ముచ్చట ఎవ్వలికి జెప్పకు పెద్దమ్మా. వర్షితకు గూడ జెప్పలే. ఊకె పండుగకు పెడ్తరన్న, అంతే."

"పోయినేడు?"

"నాలుగు ఉన్నయి."

ఆ రెండు మాటలు చెప్పేటప్పుడు ఆమె ముఖం చూడాలి. డాక్టరు వచ్చి గండం గడిచింది అన్నప్పుడు దవాఖాన బయట కూర్చున్నవాళ్ళ ముఖం అట్లా ఉంటుంది. ఏడాది పాటు ఆమె తల దువ్వుకుని డ్యూటీకి పోయిందంటే, అత్త ఎంత పోరినా కార్యానికి ఒప్పుకోలేదంటే, దేన్ని పట్టుకుని నిలబడిందో అప్పుడు తెలిసింది నాకు. నాకు భయమేసింది. నమ్మకం ఉన్నందుకు కాదు, అది ఒక రాయి అయినందుకు.

ఇంతలో ముత్తవ్వ గడప దాటి వచ్చింది. మంటను చూసి మూతి తిప్పింది.

"సూసినవా అక్కా నా కోడలు సదువు? మంట వెట్టి పిలిస్తె వస్తడా? లారీ డ్రైవరు వాడు, మంట గనవడితే ఏదో లారీ కాలుతుందని ఇంకింత దూరం వోతడు."

నేను నవ్వు ఆపుకోలేకపోయాను. శ్యామల కూడా పెదవి కొరుక్కుంది. వర్షిత లోపలినుంచి వచ్చి నానమ్మ పక్కన కూర్చుని, ఒక్కో రాయి చూపిస్తూ చెప్పింది. "పువ్వు నాది నానమ్మా. చుక్క అమ్మది. కొడవలి నీది. గా చక్రం నాయినది."

ముత్తవ్వ చాలాసేపు ఆ చక్రం రాయినే చూసింది. నేను పప్పు సంగతి గుర్తొచ్చి లేచేటప్పటికి శ్యామల, వర్షిత లోపలికి పోయారు. ముత్తవ్వ మాత్రం అరుగు మీదే ఉంది.

"పండవా చెల్లె?"

"పండుకుంట గని నువ్వు పో. పొద్దుగాల ఫస్టు బస్సుకు సిరికొండ వోవాలె. ఎంకటిగాని వరికోతలు."

తెల్లారి నేను వాకిలి ఊడ్వడానికి లేచేసరికి శ్యామల బూడిదలో మోకాళ్ళ మీద ఉంది. నిప్పు ఎత్తుకుపోయి పొయ్యి ముట్టించడానికి తెచ్చిన పార పక్కన పడి ఉంది. చేతులతోనే బూడిద తోడుతోంది. కింద ఇంకా కణకణలాడే నిప్పులున్నాయి. నేను పరుగెత్తుకుపోయి రెక్క పట్టుకుని లేపాను. వేళ్ళు బొబ్బలెక్కాయి.

"మూడే ఉన్నయి పెద్దమ్మా" అంది.

పువ్వు ఉంది. చుక్క ఉంది. కొడవలి ఉంది.

"అరె, ఏ కుక్కనో కాలుతోని ఎగజిమ్మి ఉంటది పిల్లా" అని నేను జాగా అంతా వెతికాను. మోరీలో చెయ్యి పెట్టాను. మున్సిపాలిటీలో ఊడ్చే రత్నవ్వ వస్తే ఆపాను.

"రత్నవ్వా, ఈడ రాయి గిట్ల తీసినవా?"

"ఆర్మూర్ల రాళ్ళకు కరువా పెద్దమ్మా? రోడ్డు ఊడ్సుడే అయితలేదు, మంటలకెల్లి రాళ్ళేరుకుంటనా నేను?"

పాలు పోసేవాడిని అడిగాను. మంగను కిటికీలోంచే అడిగాను. పిల్లల్ని బెదిరించి అడిగాను. ఎవరూ చూడలేదు. ముత్తవ్వ చీకటితోనే బస్సెక్కి పోయింది. ఆమెను అడగాలని శ్యామలకు తోచలేదు, అందరినీ అడిగే నాకు కూడా తోచలేదు. ఆ మంటంటేనే పడని మనిషి అందులోని రాయి జోలికి ఎందుకు పోతుంది?

శ్యామల చేతులకు నేను వెన్న రాస్తుంటే, ఆమె గోడకు ఒరిగి కూర్చుంది. ఏడిస్తే బాగుండు అనిపించింది. ఏడవలేదు.

"పిచ్చిదానా, రాయి పోతే మనిషి పోతడా? ఆ దేశపు ముసల్ది ఏదో చెప్పిందట, నువ్వు పట్టుకున్నవట" అన్నాను.

"ఉన్నడని చెప్పినప్పుడు నమ్మిన గద పెద్దమ్మా" అంది. "ఏడాది నమ్మిన. ఇప్పుడు లేడని చెప్తే నమ్మనంటె ఎట్ల?"

నేను ఇంకింత వెన్న తీసి ఆమె వేళ్ళకు రాశాను.

ఆమె నా ముందే ఎంకటికి ఫోన్ చేసింది. వేళ్ళు నొప్పి కదా, నేనే నొక్కి చెవి దగ్గర పెట్టాను. "బావా, అయ్యగారిని అడుగుండ్రి. చేసేద్దాం" అంది. ఏడాదిగా అదే మాట కోసం పోరుతున్న ఎంకటి అవతల ముక్కు ఎగబీల్చిన చప్పుడు వినపడింది.

అయ్యగారు చెప్పిన రోజు పొద్దున్నే గోదావరి ఒడ్డుకు ట్రాలీ ఆటోలో పోయాం. మంచు ఇంకా నీళ్ళ మీదే ఉంది. ఎంకటి, ముత్తవ్వ సిరికొండ నుంచి నేరుగా వచ్చారు. ముత్తవ్వ ముఖం చూస్తే పది రోజుల్లోనే ఎండిపోయినట్టుంది. శ్యామలను చూసి ఏదో అడగబోయింది, అయ్యగారు తొందర పెట్టడంతో ఆగిపోయింది.

మోదుగాకులు దర్భతో కుట్టి, కొబ్బరికాయ తల పెట్టి, బొమ్మ కట్టారు. దాని మీద స్వామి ఖాకీ అంగీ కప్పారు. మెడ దగ్గర పచ్చదనం అట్లాగే ఉంది. వర్షిత ఆ బొమ్మ వంకే చూస్తూ, "నాయిన గింత సన్నగ లేకుండె గద" అంది.

శ్యామలను నీళ్ళ దగ్గర కూర్చోబెట్టి ముఖానికి పసుపు రాశారు, కుంకుమ దిద్దారు, తుడిచారు. గాజులు పగలగొట్టారు. మట్టెలు తీస్తుంటే కాలు వెనక్కి గుంజుకుంది. అది తెలిసి చేసింది కాదు, కాలు తనంతట తానే పోయింది. తర్వాత తానే ముందుకు చాపింది. నేను ఆమె భుజాలు పట్టుకుని ఉన్నాను. ఎముకలు తగిలాయి.

ఎంకటి కుండలో నిప్పు పట్టుకుని బొమ్మ చుట్టూ తిరిగి ముట్టించాడు. ఎండిన ఆకులు కదా, భగ్గుమన్నాయి. మనిషి కాలినంతసేపు పట్టదు బొమ్మ కాలడానికి. అంగీ ముందు అంటుకుంది. ఆ పొగలో నాకు పసుపు వాసన తగిలింది. నా భ్రమ కావచ్చు.

"నాయినా ఎంకటీ, ఒక రాయి తీసుకురా" అన్నాడు అయ్యగారు. "పిడికిట్లో పట్టేది. ఇకనుంచి ఆ రాయే మీ తమ్ముడు. దినాలయ్యేదాక దానికే నీళ్ళు వదలాలె. ఆఖర్న గోదాట్లో కలపాలె."

ఎంకటి ఒడ్డున వంగి వెతకబోయాడు. ముత్తవ్వ ఆపింది.

"నా కొడుకు రాయి ఉండంగ వేరే రాయెందుకు?"

కొంగు ముడి విప్పింది. అందులో పిడికిలంత నల్ల రాయి. ఒక పక్క మసి. మసిలో గుండ్రంగా గీసిన లారీ చక్రం.

నా చేతుల కింద శ్యామల భుజాలు రాయిలా బిగుసుకున్నాయి.

"ఇది ఎక్కడిదే అవ్వా?" అన్నాడు ఎంకటి.

"శ్యామల మంటలది. ఆ పొద్దు నాకు నిద్ర రాలే. చక్రం రాయి మా నాయినదని పిల్ల చెప్పె. సూస్తుంటె అది అగ్గిల కాలవట్టె. ఎంతైన పేరు వెట్టిన రాయి గదరా, కన్నదాన్ని, ఎట్ల సూడాలె? కట్టెతోని ఇవతలికి గుంజిన. నీళ్ళు జల్లి కొంగున కట్టుకున్న. బస్సుల గూడ వెచ్చగనే ఉండె, నా తొడకు ఆనుకోని. పసిగుడ్డున్నట్టే ఉండె."

ఆమె ఆ రాయిని బొటనవేలితో తుడుస్తూనే ఉంది.

"నిజం జెప్పాల్నంటె, ఆ పొద్దుసంది వాడు కలలకు వచ్చి నీళ్ళడుగుతలేడు. దూప తీరినట్టున్నది, ఏడనో మంచిగనే ఉన్నడు, శ్యామల చెప్పిందే నిజమేమో అనుకున్న. ఇంటికొచ్చి కోడలికి జెప్దామనుకుంటుంటె నాలుగు దినాలకు ఎంకటిగాడు అయ్యగారిని అడిగొచ్చి, శ్యామల ఒప్పుకున్నది, కార్యం జేద్దామన్నడు." ఆమె శ్యామల వైపు తిరిగింది. "నువ్వు ఒప్పుకున్నవంటె ఊకె ఒప్పుకోవు. నీకేదో ఖబర్ వచ్చింది. ఏం ఖబర్ వచ్చింది బిడ్డా? ఎవలు జెప్పిండ్రు?"

మా వెనక బొమ్మ తల దగ్గర కొబ్బరికాయ పగిలిన చప్పుడయింది.

శ్యామల అత్తను చూసింది. తర్వాత తల తిప్పి నన్ను చూసింది. ఆ రాయి లెక్క ఏమిటో ఆ ఒడ్డు మీద తెలిసింది మా ఇద్దరికే. నేను నోరు తెరిచాను కూడా. ఆమె బొబ్బలు ఎండిన చేత్తో నా మణికట్టు పట్టుకుంది. గట్టిగా పట్టుకుంది.

"వచ్చింది అత్తమ్మా" అంది. "ఖబర్ వచ్చింది."

ముత్తవ్వ అప్పుడు ఏడ్చింది. అప్పటిదాకా కొడుకు కోసం ఆమె అట్లా ఏడవడం నేను చూడలేదు. కూలబడి, మట్టి కొట్టుకుంటూ, గోదావరి అవతలి ఒడ్డుకు వినపడేట్టు ఏడ్చింది. శ్యామల లేచి వెళ్ళి, అత్త చేతిలోంచి రాయి తీసుకుంది. ఒకసారి అరచేతిలో బరువు చూసింది. నీళ్ళలో ముంచి మసి కడిగింది. చక్రం గీత పోలేదు. తీసుకొచ్చి ఎంకటి చేతిలో పెట్టింది.

"ఇదే పెట్టుండ్రి" అంది.

దినాలయ్యాక ఆ రాయి గోదావరిలో కలిసింది.

ఇప్పుడు ఆ ఖాళీ జాగాలో పసుపు ఆరబోశారు. మంట వేసిన చోట నేల గుండ్రంగా నల్లగా మిగిలింది. అక్కడ పోస్తే కొమ్ముకు మసి అంటుతుందని కూలివాళ్ళు ఆ ఒక్క చోటు వదిలేసి చుట్టూ పోశారు. శ్యామల డ్యూటీకి పోతూ వస్తూ దాని పక్కనుంచే నడుస్తుంది. అటు చూడదు. అత్తకు కాళ్ళు పిసుకుతుంది, మందులిస్తుంది, విసుక్కోదు. ఇదివరకు ఇద్దరూ రోజూ ఏదో ఒకదాని మీద కొట్లాడుకునేవాళ్ళు. ఇప్పుడు ఆ ఇంట్లోంచి చప్పుడే రాదు. ఆ తలుపు ఇప్పుడు చీకటి పడగానే మూస్తారు. కానీ బైపాస్ నుంచి దారి తప్పి ఏ లారీ అయినా మా గల్లీలోకి తిరిగిందంటే, ఆ కిటికీలో లైటు వెలుగుతుంది. లారీ పోయాక కూడా చాలాసేపు వెలుగుతూనే ఉంటుంది.

మొన్న ముత్తవ్వ మా అరుగు మీద కూర్చుని పసుపు కొమ్ములు ఏరుతూ, ఉన్నట్టుండి అడిగింది.

"అక్కా, నువ్వు ఎవలింట్ల ఏమున్నదో అడగక ఇడిశిపెట్టవు. నా కోడలికి ఏం ఖబర్ వచ్చిందో నీకన్న జెప్పిందా? నాకైతే ఎంతడిగినా జెప్తలేదు. వాడు ఏడ పడ్డడో, ఆఖర్న నీళ్ళన్న తాగిండో లేదో, గది తెలిస్తె సాలు నాకు."

చేతిలో ఉన్న కొమ్మును అటూ ఇటూ తిప్పి చూశాను. మంచిదే. కుప్పలో వేశాను.

"నాకు గూడ జెప్పలే చెల్లె" అన్నాను.

ముత్తవ్వకు చదువు రాదు. ఇది చదివినవాళ్ళు ఆమె చెవిన వేయకండి.